వెనక రెక్కలు

డ్రోను ముక్కు పైకెత్తింది. "అదిగో, లేస్తోంది, లేస్తోంది!" అని మాస్టరు ఇంకా పూర్తిగా అననే లేదు, అది వెనక్కి ఒక్క పల్టీ కొట్టి గడ్డిలో వెల్లకిలా పడింది. రెక్కలు గడ్డిని కోస్తూ గరగరమన్నాయి. మాస్టరు కంగారులో రిమోట్ మీద ఏది చేతికి తగిలితే అది నొక్కాడు.

"ఆపు బావా, ఆపు! ఎడమ పుల్ల కిందికి లాగు!" అంటూ చిన్నోడు పరిగెత్తాడు.

చిన్నోడంటే చిన్నవాడేం కాదు. నలభై దాటాయి, చెవుల పక్కన జుట్టు నెరిసింది. మాస్టరు భార్యకి తమ్ముడు, ఆవిడ ఇప్పటికీ అలాగే పిలుస్తుంది, అందుకని వీధి వీధంతటికీ చిన్నోడే. ఇక మాస్టరంటే బడి పంతులనుకునేరు, బజారు మలుపులో బట్టలు కుట్టే మాస్టరు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మెడ వంచి గుడ్డ చూడటమే గాని తలెత్తి చూసే పని దొరకలేదాయనకి. మొన్నామధ్య ఎవరికో కోటు ఇవ్వడానికి ఒక ఫంక్షన్ హాలుకి వెళ్ళి, అక్కడ ఫోటోలవాళ్ళు ఎగరేస్తున్న డ్రోనుని చూసి మనసు పారేసుకుని వచ్చాడు. ఆ తర్వాత ఇంటికొక అట్టపెట్టె వచ్చింది. అందులో డ్రోను లేదు, డ్రోను అవ్వాల్సిన ముక్కలున్నాయి.

ఆ ముక్కల్ని కలిపింది చిన్నోడు. మార్కెట్లో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో ఒకప్పుడు అతని చేతికి పేరుండేది. కిందటేడు స్కూటరు జారి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది, వణుకు మాత్రం మిగిలిపోయింది. అప్పట్నుంచీ బావ కొట్లో కౌంటరు చూసుకుంటున్నాడు. దెబ్బ తగిలాక ఈ డ్రోను కోసమే మొదటిసారి, తీగలు అతికే టంకం పుల్ల చేతిలోకి తీసుకున్నాడు. "ఇది ఎగిరిందంటే నా చేయి బాగున్నట్టే అక్కా. వచ్చే సోమవారం షాపుకి వెళ్ళిపోతా. ఎగరలేదంటే షాపాయన్ని ఇంకొకళ్ళని చూసుకోమంటా," అని తేల్చి చెప్పాడు. షాపు యజమాని మంచివాడు కాబట్టి ఇన్నాళ్ళూ కుర్చీ ఖాళీగా ఉంచాడు. ఆయన మాత్రం ఎంతకాలమని ఉంచుతాడు?

ఆ ఆదివారం సాయంత్రం ఇళ్ళ వెనక ఖాళీ జాగాలో గోడల మీద మోచేతులు ఆనించి చాలామందే నిలబడ్డారు. డ్రోను ఎగరేస్తున్నానని పొద్దుటినుంచీ వీధంతా టముకు వేసింది మాస్టరే మరి. రెండోసారీ పల్టీ కొట్టింది. మళ్ళీ సరిచేసి పెట్టారు. మళ్ళీ ముక్కెత్తింది, మళ్ళీ వెల్లకిలా.

"పిల్లిమొగ్గలు బ్రహ్మాండంగా వేస్తోంది మాస్టరూ! టికెట్ పెట్టండి, మేం కొనుక్కుంటాం!" అని అరిచాడు ఎదురింటి బస్సు డ్రైవరు. ఆయన గొంతు అసలే హారన్. గోడల మీద నవ్వులు.

మాస్టరుకి తల కొట్టేసినట్టయింది. అలాంటప్పుడు మనిషి నోట్లోంచి ఏదొకటి ఊడిపడుతుంది.

"నేనేం చెయ్యను సార్! మా బామ్మర్ది చేతి వణుకు దానికి అంటుకుంది!"

ఈసారి నవ్వులు ఇంకా పెద్దగా వచ్చాయి. చిన్నోడు కూడా నవ్వాడు. గడ్డిలో వంగి డ్రోనుని ఎడమచేత్తో తీశాడు. కుడిచేయి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

భార్య ఒక్కతే నవ్వలేదు. ఆరేసిన దుప్పటి మడతపెడుతున్నదల్లా ఆ మడత అలాగే పట్టుకుని మాస్టరు వంక చూసింది. ఆ చూపు మాస్టరుకి తెలుసు. అన్నంలోకి ఏం కావాలో కూడా అడగని చూపు అది.

ఇంట్లో బల్ల మీద పాత తువ్వాలు పరిచి డ్రోనుని బోర్లించాడు చిన్నోడు. మొదట రెక్కలు నాలుగూ తీయించాడు. బల్ల మీద మోటర్లు తిప్పేటప్పుడు రెక్కలుంటే వేళ్ళు తెగుతాయని మొదటి రోజే చెప్పాడు. ఆ నట్లు విప్పడం, మళ్ళీ బిగించడం మాస్టరు పని. మిగతా దాంట్లో ఆయనకి చేతనైంది ఏమీ లేదు కాబట్టి ఆ పని మీద ఆయనకి మహా అభిమానం.

"ముందు లేస్తోంది, వెనక లేవట్లేదు," అన్నాడు చిన్నోడు తనలో తాను అనుకుంటున్నట్టు. "అంటే వెనక మోటర్లకి బలం చాలట్లేదు. తిరగడానికి తిరుగుతున్నాయే మరి." మాస్టరు వైపు తిరిగి, "రెక్కలు సరిగ్గానే ఉన్నాయి కదా బావా? పెట్టె మీది బొమ్మ చూసే పెట్టావు కదా?" అన్నాడు.

మాస్టరుకి ఒళ్ళు మండింది. "జతల గురించి నాకు చెబుతున్నావా? మీసం మొలవక ముందు నుంచీ జతలే కోస్తున్నాను. ఎడమ చేయి, కుడి చేయి. ఎడమ కాలు, కుడి కాలు. ఇంతవరకూ ఒక్కడంటే ఒక్కడు ఎడమ చేయి తెచ్చి కుడివైపు కుట్టావయ్యా అన్నవాడు లేడు. రెక్కల్లో రెండు ఇటు వంపు, రెండు అటు వంపు. ఇటువి ఇటు పెట్టాను, అటువి అటు పెట్టాను. ఇక దాంట్లో చూడ్డానికేముంది?"

"అది కాదు బావా, ఊరికే అడిగా."

"నువ్వు నీ టంకం చూసుకో."

చిన్నోడు తన టంకమే చూసుకున్నాడు. వణికే చేతివాడు తప్పు ముందు తన చేతిలోనే వెతుక్కుంటాడు. సోమవారం, మంగళవారం కొట్టు నుంచి రాగానే వెనక మోటర్ల తీగలు ఊడదీయడం, కొన గీకడం, మళ్ళీ అతికించడం. మంగళవారం చీకటి పడేలోపు ఇంకోసారి బయటికి తీసుకెళ్ళారు. మళ్ళీ అదే పల్టీ. ఈసారి గోడల మీద ఎవరూ లేరు. అయినా చిన్నోడి చేయి జేబులోకి వెళ్ళిపోయింది.

"పోనీలే బావా," అన్నాడు. "ఏదో ఒకటి తేలిపోతే మంచిదేగా."

బుధవారం మధ్యాహ్నం చిన్నోడు భోజనానికి ఇంటికి వెళ్ళినప్పుడు మాస్టరు కొట్టు తలుపు సగానికి దించి, సంచిలోంచి డ్రోను తీశాడు. అదేదో తనే తేల్చేద్దామని కాదు. ఆడుకోవాలనిపించింది, అంతే. కొత్త వస్తువు కొనుక్కుని దాన్ని ఒక్కసారైనా ఆనందంగా చూసుకోలేదు పాపం. ఎగిరి అద్దం పగలగొడుతుందేమోనని దాన్ని నేల మీద పెట్టి, దాని కాళ్ళకి ఎలాస్టిక్ కట్టి, ఆ కొసలు కటింగ్ బల్ల కాళ్ళకి బిగించాడు. బల్లకింద నేలంతా ఎప్పట్లాగే దారప్పోగులు, గుడ్డ పీలికలు, సుద్దపొడి.

రిమోట్ మీద ఎడమ పుల్ల కొంచెం పైకి తోశాడు. రెక్కలు గుయ్యిమన్నాయి. ముందు రెక్కల కింద ఉన్న పోగులు చెల్లాచెదురుగా ఎగిరి గోడకి కొట్టుకున్నాయి. వెనకవైపు చూశాడు. అక్కడ పోగులు ఎటూ పోలేదు. నేల మీంచి నిక్కబొడుచుకుని, ఒక్కొక్కటే లేచి, రెక్కల మధ్యలోంచి పైకి పోతున్నాయి. ఒక ఎర్రదారం ముక్క అలా లేచి ఆయన ముక్కు మీద పడింది.

మాస్టరు పుల్ల దించేశాడు. దారం ముక్క తీసి చూశాడు. ముందు రెక్కలు గాలిని కిందికి నెడుతున్నాయి. వెనకవి పైకి నెడుతున్నాయి. ముందు భాగం లేవాలంటుంటే వెనక భాగం కూలబడతానంటోంది. పల్టీ కొట్టక ఏం చేస్తుంది?

అట్టపెట్టె మూత మీది బొమ్మ అప్పుడు చూశాడు, మొట్టమొదటిసారి. ఒకే వంపున్న రెక్కలు ఒకే పక్కన లేవు. మూల నుంచి మూలకి, ఎదురుబదురుగా ఉన్నాయి. చొక్కా కాదు కదా ఇది. ఎడమచేయి కుడిచేయి అనే లెక్క దీనికి పనికిరాదు. వణికే చేతులతో వెనక రెండు రెక్కలూ విప్పి ఇటుది అటు, అటుది ఇటు మార్చాడు. అవును, వణికింది ఆయన చేతులే. పుల్ల తోశాడు. నాలుగు వైపులా పోగులు చెదిరిపోయాయి. డ్రోను నేల వదిలి, ఎలాస్టిక్ సాగేదాకా లేచి, అక్కడ కదలకుండా నిలబడింది. సుఖంగా, హాయిగా.

ఎగిరింది అనే సంతోషం వచ్చిన మాట నిజం. అది ఒక్క క్షణం కూడా నిలవలేదు. 'మా బామ్మర్ది చేతి వణుకు దానికి అంటుకుంది' అన్న తన గొంతు తనకే వినిపించింది. బస్సు డ్రైవరు నవ్వు వినిపించింది. రెక్కలు సరిగ్గానే ఉన్నాయా బావా అని చిన్నోడు అడగనే అడిగాడు.

బయట చిన్నోడి చెప్పుల చప్పుడైంది. ఇక్కడ మాస్టరు చేసిన పని చూడండి. గబగబా ఎలాస్టిక్ తెంపి, రెక్కలు మళ్ళీ విప్పి, ఎప్పట్లాగే తప్పుగా బిగించి, డ్రోనుని సంచిలో పడేశాడు. చెయ్యి దానంతటదే చేసేసింది.

"ఏం బావా, చెమటలు పట్టాయి?"

"ఇస్త్రీ పెట్టె వేడి," అన్నాడు మాస్టరు. ఇస్త్రీ పెట్టె చల్లగా ఉంది.

సాయంత్రం చెబుదామనుకున్నాడు. సాయంత్రం అన్నాల దగ్గర భార్య తమ్ముడికి వడ్డించి, మొగుడి ముందు గిన్నె టక్కున పెట్టి వెళ్ళిపోయింది. ఈ కోపంలో చెబితే ఇంకేమైనా ఉందా? పొద్దున చెబుదామనుకున్నాడు. పొద్దున కొట్లో జనం.

ఆ జనాన్ని చూస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది. అది రాకపోయినా బాగుండేది. మాస్టరు కుట్టడంలో మొనగాడు గాని మాట ఇవ్వడంలో కాదు. రేపంటాడు, ఎల్లుండంటాడు, వచ్చినవాళ్ళని విసుక్కుంటాడు. చిన్నోడు కౌంటర్లో కూర్చున్నప్పటి నుంచీ విసుక్కోవడం లేదు, బట్టలు చెప్పిన రోజుకి అందుతున్నాయి. ఇస్త్రీ మడతలు కత్తిలా ఉంటున్నాయి. తప్పు కుట్లు విప్పడంలో వాడికున్న ఓపిక ఇంకెవరికీ లేదు.

"మీ బామ్మర్దిని వదలకండి మాస్టరూ, మీ కొట్టు ఇప్పుడు కొట్టులా ఉంది," అంది కోటు ట్రయల్‌కి వచ్చిన డాక్టరమ్మ.

"ఎక్కడికి పోతాడండీ," అన్నాడు మాస్టరు, నోటినిండా పిన్నులతో.

అని, అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. పిన్నులు మింగినంత పనైంది. అంటే ఇదా సంగతి? వాడు పోకుండా ఉంటే నాకు బాగుంటుందనా నోరు మూసుకున్నాను? ఛ ఛ, అలాంటిదేం లేదు అనుకున్నాడు. భుజం దగ్గర పిన్ను పెట్టబోయి డాక్టరమ్మకి గుచ్చాడు.

ఆ గురువారం కొట్టు మూసేముందు చిన్నోడు కౌంటరు తుడుస్తూ మామూలుగా చెప్పాడు. "షాపాయనకి ఫోన్ చేశా బావా. శనివారం పొద్దున వస్తానన్నాడు. నా సామాను ఇచ్చేస్తున్నా. మైక్రోస్కోపు, టంకం మెషీను, అన్నీ. కొత్తగా ఎవరినో పెట్టుకుంటాడట, వాళ్ళకి పనికొస్తాయి."

మాస్టరు తాళంచెవి తాళంలో పెట్టి తిప్పడం మర్చిపోయాడు. "సామాను ఎందుకురా ఇవ్వడం? నీ దగ్గరుంటే ఏం పోయింది?"

"ఎదురుగా ఉంటే చూడాలి కదా," అన్నాడు చిన్నోడు. అని నవ్వాడు. "నువ్వున్నావుగా బావా. గుండీలు కుట్టుకుంటూ బతికేస్తా."

ఇప్పుడైనా చెప్పాలి. 'ఒరేయ్, తప్పు నాది' అంటే నాలుగు ముక్కలు కూడా లేవు. దానికి బదులు దారంతా నడుస్తూ మాస్టరు ఒక ఉపాయం ఆలోచించాడు. తన పరువు పోకూడదు, వాడి సామాను పోకూడదు. రెక్కలు తను గుట్టుచప్పుడు కాకుండా సరిచేసేస్తాడు, డ్రోను ఎగురుతుంది, వాడు టంకం వల్లే ఎగిరిందనుకుంటాడు, సోమవారం షాపుకి వెళ్ళిపోతాడు. కొట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఎంత బాగుంది! తన మంచితనానికి తనకే ముచ్చటేసింది. ఒకటే చిక్కు. టంకం వల్ల ఎగరాలంటే వాడు ఇంకోసారి టంకం పెట్టాలి.

"చివరిసారిగా ఒక్కసారి చూడరా, నా మాట విను," అని శుక్రవారం మధ్యాహ్నం నుంచీ వెంటపడ్డాడు.

"వద్దు బావా."

"నా కోసంరా. నేను మోజుపడి కొనుక్కున్నాను కదా."

ఆ మాటకి చిన్నోడు కాదనలేకపోయాడు. శుక్రవారం సాయంత్రం, వెలుగుండగానే, కిటికీ పక్కకి బల్ల జరిపారు. చిన్నోడు మోటరు తీగలు మళ్ళీ ఊడదీశాడు. పాత టంకాన్ని రాగి అల్లికతో పీల్చి తీశాడు. తీగ కొసలు మెలిపెట్టి, కొంచెం మైనం లాంటి జిగురు రాశాడు. బోర్డు మీద ఆ అతుకు పడాల్సిన చోటు మినప్పప్పు బద్దంత ఉంది.

"బావా, కాస్త లైటు పట్టుకుంటావా? కుడివైపు నుంచి. నీడ పడకుండా."

మాస్టరు ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు.

చిన్నోడు కుడి మోచేయి బల్లకి ఆనించాడు. ఎడమచేత్తో కుడి మణికట్టుని పట్టుకున్నాడు, సంతలో తప్పిపోతుందేమో అన్నంత గట్టిగా. టంకం పుల్ల కొన వణికింది. ఆగాడు. ఊపిరి వదిలాడు. మళ్ళీ పెట్టాడు. కొన తీగకి తగలకుండా పక్కకి జారింది. ఆగాడు. కణతల మీంచి చెమట చెవి వెనక్కి కారుతోంది, తుడుచుకోవడానికి ఖాళీ చేయి లేదు. "కొంచెం దగ్గరికి బావా." మాస్టరు లైటు దగ్గరికి జరిపాడు. మూడో ప్రయత్నానికి కొన కుదురుకుంది. ఎడమ చేతి వేళ్ళు నిదానంగా మణికట్టు వదిలి, టంకం తీగని అందుకుని, కొనకి ఆనించాయి. చిన్న పొగ. వెండి చుక్క ఒకటి కరిగి, తీగ చుట్టూ పాకి, నున్నగా మెరిసి గట్టిపడింది.

గుడ్డ సంగతి తెలిసినవాడికి మంచి కుట్టు ఏ పనిలో ఉన్నా తెలుస్తుంది. ఆ చుక్క అంత బాగుంది. దాని పక్కన ముందు మోటర్ల చుక్కలున్నాయి, ఆదివారానికి ముందు పెట్టినవి, ఎవరూ మళ్ళీ ముట్టనివి. అవీ అంత బాగానే ఉన్నాయి. మాస్టరు లైటు పట్టుకుని ఇంతసేపూ వాటినే చూశాడు.

ఒక్కొక్క తీగకీ ఇదే యాతన. ప్రతి చుక్కకీ ముందు 'చెప్పెయ్' అనుకున్నాడు మాస్టరు. ప్రతి చుక్కా అయ్యాక 'అయిపోవచ్చిందిగా' అనుకున్నాడు. చివరికి చిన్నోడు పుల్ల స్టాండులో పెట్టి, కుడిచేతిని ఒళ్ళో పడుకోబెట్టుకుని నిమురుకున్నాడు. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రెక్కలు నువ్వే పెట్టుకో," అన్నాడు. "నాకు చేయి లాగేస్తోంది."

మాస్టరు రెక్కలు పెట్టాడు. బొమ్మలో ఉన్నట్టే పెట్టాడు. తేలు కుట్టిన దొంగలా నిశ్శబ్దంగా నట్లు బిగించాడు.

శనివారం పొద్దున ఎండ ఇంకా ముదరలేదు. ఖాళీ జాగాలో ఆ ముగ్గురే. చిన్నోడి సామాను పెట్టె గుమ్మం దగ్గర, తాడు కట్టి, సిద్ధంగా ఉంది. షాపు యజమాని ఏ క్షణమైనా రావచ్చు.

మాస్టరు పుల్ల తోశాడు. డ్రోను గడ్డిని చెదరగొట్టి, ముక్కూ తోకా సమానంగా, నిటారుగా లేచింది. గోడ దాటింది, ఆరేసిన బట్టల తీగ దాటింది. భార్య నోటి మీద చేయి వేసుకుని, "ఓరి నాయనో! చిన్నోడా, చూడరా!" అంది. వారం రోజుల తర్వాత ఆవిడ ముఖం విచ్చుకుంది.

మాస్టరు చిన్నోడి వంక చూశాడు. చిన్నోడు తలెత్తి డ్రోనుని చూస్తున్నాడు. ముఖంలో సంతోషం లేదు. లెక్క సరిపోయిందని చూసుకునేవాడి ముఖంలా ఉంది.

"ఈసారి టంకం భలే కుదిరిందిరా!" అన్నాడు మాస్టరు డ్రోనుని కిందికి దించి. అనుకున్న మాటే, అనుకున్నట్టే అన్నాడు.

"కుదిరింది," అన్నాడు చిన్నోడు. "అంటే ఆదివారం కుదరలేదు. మంగళవారం కుదరలేదు. ఇప్పుడు కుదిరింది." కుడిచేయి జేబులో పెట్టుకున్నాడు. "ఒక ఫోన్‌కి ఇన్నిసార్లు వేడి పెడితే బోర్డు మాడిపోతుంది బావా. జనం ఒక్కసారే ఇస్తారు. ఒక్కసారికే కుదరాలి. మంచి పని చేయించావు, ఇంకా ఏ మూలో ఉన్న ఆశ కూడా పోయింది. నా సామాను నేను ఏడవకుండా ఇచ్చేయగలను."

మాస్టరు ఇంత ఆలోచించాడు, ఇది ఆలోచించలేదు. డ్రోను ఎగిరి కూడా వాడిని కూలదోసింది.

"ఒరేయ్, ఆగు. టంకం కాదురా. రెక్కలు. నేను తప్పుగా పెట్టాను. ఆదివారం నుంచీ తప్పుగానే పెట్టాను. నీ టంకం మొదటినుంచీ బాగానే ఉంది."

చిన్నోడు ఆగి, జాలిగా నవ్వాడు. "బావా, నువ్వు నీ తప్పు ఒప్పుకోగా నేనెప్పుడూ చూడలేదు. నా కోసమని ఇప్పుడు మొదలెట్టకు."

"నిజంరా బాబూ!"

"పోనీలెండి," అంది భార్య. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరికొచ్చి మొగుడి చేయి పట్టుకుంది. "వాడి మనసు కష్టపడకూడదని అంటున్నారు. ఆ మాత్రం అన్నారు, చాలు. ఆదివారం అన్నదానికి నేనింక ఏమీ అనుకోను."

ఆ చేయి ఎంత వెచ్చగా ఉందో! అక్కడ ఆగిపోతే చాలు. తప్పు ఒప్పుకున్నట్టూ అవుతుంది, తప్పు తనది కానట్టూ అవుతుంది, పైగా దేవుడంత మంచివాడూ అవుతాడు. మాస్టరు ఆ వెచ్చదనంలో ఒక్క నిమిషం నిలబడ్డాడు. తర్వాత చేయి విడిపించుకుని గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"కూర్చోరా ఇక్కడ. చూడు."

జేబులోంచి స్పానరు తీసి వెనక రెక్కలు రెండూ విప్పాడు. వాడి కళ్ళముందే ఇటుది అటు, అటుది ఇటు మార్చి బిగించాడు. "ఇదిగో, చొక్కా చేతుల్లా. ఎడమవైపు రెండూ ఒక వంపు, కుడివైపు రెండూ ఒక వంపు. ఆదివారం ఇలాగే ఉంది." వెనక్కి జరిగి పుల్ల తోశాడు. డ్రోను ముక్కెత్తింది, వెనక్కి పల్టీ కొట్టింది, గడ్డిలో వెల్లకిలా పడి గరగరమంది.

మళ్ళీ మోకాళ్ళ మీద. మళ్ళీ విప్పడం, మార్చడం, బిగించడం. "ఇదిగో, బొమ్మలో ఉన్నట్టు." పుల్ల తోశాడు. డ్రోను నిటారుగా లేచింది.

దాన్ని దించాక చిన్నోడు తీసుకుని తిరగేశాడు. రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. బోర్డు మీది చుక్కల్ని దగ్గరగా, ఒక్కొక్కటే చూశాడు.

"అయితే మొదటిసారి పెట్టిందే..." అన్నాడు.

"మొదటిసారి పెట్టిందే బాగుంది."

"ఆదివారానికి ముందు పెట్టింది?"

"అదే. అదే బాగుంది."

చిన్నోడి గడ్డం అదిరింది. నవ్వుతాడో ఏడుస్తాడో తెలియలేదు. రెండూ చేయలేదు. తల ఎత్తకుండానే అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది బావా?"

ఇప్పుడే అనొచ్చు. ఇందాకే తట్టిందిరా అనొచ్చు. ఎవరు చూడొచ్చారు?

"బుధవారం," అన్నాడు మాస్టరు.

భార్య ఒక అడుగు వెనక్కి వేసింది. చిన్నోడు డ్రోనుని గడ్డిలో జాగ్రత్తగా పెట్టాడు, అదేం తప్పు చేసింది గనక.

"నిన్న లైటు పట్టుకున్నావు," అన్నాడు.

"పట్టుకున్నాను."

"దగ్గరికి జరపమంటే జరిపావు."

"జరిపాను."

గేటు దగ్గర హారన్ మోగింది. షాపు యజమాని స్కూటరు దిగకుండానే, "పెట్టె ఇదేనా? వెనక కట్టేసుకుంటాను," అని కేకేశాడు.

చిన్నోడు లేచి వెళ్ళాడు. తాడు పట్టుకుని పెట్టె తనే ఎత్తాడు, కుడిచేత్తో. చేయి వణికింది. వణికితే వణికిందన్నట్టు ఎత్తి, స్కూటరు వెనక సీటెక్కి, పెట్టెని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సోమవారం దాకా ఎందుకండీ," అన్నాడు. "ఇవాళే వస్తాను, పదండి." అక్కవైపు చూసి తలూపాడు. బావవైపు చూడలేదు. స్కూటరు మలుపు తిరిగిపోయింది.

భార్య బట్టల తీగ దగ్గరికి వెళ్ళి, ఆరని బట్టలే తీయడం మొదలుపెట్టింది. మాస్టరు రిమోట్ పట్టుకుని ఆవిడ వెనకే నిలబడ్డాడు. తిడుతుందేమోనని చూశాడు. తిడితే బాగుండునని కూడా చూశాడు.

"వాడు నాతో మాట్లాడతాడంటావా?" అన్నాడు చివరికి.

"ఏమో. నాకేం తెలుసు." ఆవిడ తడిచొక్కా ఒకటి దులిపి మళ్ళీ తీగ మీదే వేసింది. "ఆదివారం మీరన్న మాట వీధంతా విన్నది. ఇవాళ మీరన్న మాట నేనూ వాడూ విన్నాం. అంతే నాకు తెలిసింది."

కొట్టు తెరిచే వేళ దాటిపోయింది. డాక్టరమ్మ కోటు ఇవాళే ఇవ్వాలి, ఇస్త్రీ కాలేదు. మాస్టరు రిమోట్‌ని గోడ మీద పెట్టాడు. చొక్కా సర్దుకున్నాడు, మోకాళ్ళకంటిన గడ్డి దులుపుకున్నాడు. వీధి దాటి, ఎదురింటి గేటు తీసి, బస్సు డ్రైవరు తలుపు తట్టాడు.

డ్రైవరు ముఖం మీద సబ్బు నురగతో తలుపు తీశాడు. "ఏం మాస్టరూ, పొద్దున్నే? మీ పిల్లిమొగ్గ ఎగిరిందా?"

"ఎగిరింది సార్," అన్నాడు మాస్టరు. "ఆదివారమే ఎగరాల్సింది. మీరు గడ్డం గీసుకోవడం కానివ్వండి, నేను ఇక్కడే కూర్చుంటాను. మీకు ముందు చెప్పి, తర్వాత మిగతా ఇళ్ళకి వెళ్ళాలి."